పట్టికలో మన వరస

జూన్ 14

పెద్దమ్మా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు" అని పెట్టేస్తావు. సరే, పెడుతున్నాను.

చేరి పది రోజులైంది. పద్దెనిమిది అంతస్తుల మేడలో పదకొండు నుంచి పదిహేను దాకా మా ఆఫీసే. ఆరువందల మంది లాయర్లట. వాళ్ళలో కోర్టు గుమ్మం తొక్కినవాళ్ళు ఇంతవరకు నాకు ఒక్కరు తగల్లేదు. నల్లకోటు తెచ్చుకున్నానని చెబితే పక్కసీటు అమ్మాయి "ఎందుకూ, ఏసీ ఎక్కువనా?" అంది. అది జోకు కాదు, నిజంగానే అడిగింది.

జీతం ఎంతో నువ్వు అడగవు. నేనే చెబుతాను. నెలకి లక్షా అరవై వేలు. నీ దగ్గర పద్నాలుగు నెలలు తొమ్మిదివేలకి పనిచేసిన మనిషిని నేనేనా అని ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాను.

ఇక్కడి లైబ్రరీలో న్యాయవాదుల సంఘం ఏటా వేసే పుస్తకం ఉంది. అందులో కొత్త లాయర్ల మొదటి జీతాల పట్టిక ఒకటి. పైన ప్రాంతాలు, పక్కన ఆఫీసు ఎంత పెద్దదో. ఐదువందల మంది పైన ఉంటే రాజధానిలో లక్షా అరవై, తీరంలో లక్షా పది. వందమంది ఉంటే ఎనభై, అరవై. అలా మెట్లు దిగినట్టు దిగుతూ పోతుంది. అన్నిటికంటే కింద "ఐదుగురి లోపు" అని ఒక వరస. దాంట్లో కూడా రాజధానికి పాతిక వేలు ఉంది. మన లోపలి జిల్లాల గడి చూస్తే అంకె లేదు, చిన్న గీత గీశారు. అడుగున "సమాచారం లేదు" అని రాశారు. ముప్పై నాలుగేళ్ళ నీ ప్రాక్టీసుకి ఒక గీత!

బయల్దేరే ముందురోజు నిన్ను నెలకి ముప్పై వేలు జీతం అడిగాను. నువ్వు నవ్వావు. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని మరీ నవ్వావు. ఆ నవ్వు లేకపోతే ఈ ఊరు వచ్చేదాన్ని కాదు. అది కూడా కాగితం మీద పెడుతున్నాను.

నీ మాజీ జూనియరు,
పిట్ట


జూన్ 27

పిట్టకి,

నీ 14వ తేదీ లేఖ అందింది. పేరాల వారీగా జవాబు.

మొదటి పేరా, ఫోన్ సంగతి. ఒప్పుకుంటున్నాను. ఫోన్లో అన్నమాట అనలేదంటే దిక్కులేదు.

రెండో పేరా. కోర్టు చూడని లాయరు సముద్రం చూడని బెస్త అని నా అభిప్రాయం. అభిప్రాయం మాత్రమే, సాక్ష్యం లేదు.

మూడో పేరా. లక్షా అరవై విని సంతోషించాను. మీ అమ్మ అయితే వీధంతా చెప్పింది. కింద రంగుల షాపాయన కూడా పైకొచ్చి "మేడమ్, మీ దగ్గర నేర్చుకున్నదేగా" అన్నాడు. నాకు ఒక డబ్బా తెల్లరంగు తక్కువకి ఇస్తానన్నాడు. గోడలకి అవసరమే.

నాలుగో పేరా, ఆ గీత. అది అవమానమని నీ ఉద్దేశం. వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు. అంతే.

ఐదో పేరా. నవ్విన మాట నిజం. నేను చేరినప్పుడు మా సీనియరు మూడేళ్ళు పైసా ఇవ్వలేదు. వాళ్ళావిడకి కూరగాయలు తెచ్చిపెట్టాను, పిల్లలకి లెక్కలు చెప్పాను. నీకు తొమ్మిది ఇచ్చాను, కూరగాయలు తెమ్మనలేదు. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నీ స్థానంలో ఒకాయన చేరాడు. నలభై ఐదేళ్ళు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, అది మూతపడితే సాయంకాలం కాలేజీలో లా చదివాడు. అందరూ టైపు మాస్టారనే అంటారు. నెమ్మదస్థుడు. నా కుడికన్ను సంగతి నీకు తెలుసుగా, ఇప్పుడు ఎడమది కూడా దాని దారి పట్టింది. వచ్చిన ఉత్తరాలన్నీ ఆయనే పైకి చదివి వినిపిస్తున్నాడు. నీదీ ఆయనే చదివాడు. "ముప్పై నాలుగేళ్ళ ప్రాక్టీసుకి ఒక గీత" అన్నచోట కాస్త గొంతు తగ్గించాడు పాపం. జవాబులు మాత్రం నేనే రాస్తాను, ఇలా లావుపాటి అక్షరాలతో.

వేళకి తిను.

పెద్దమ్మ


సెప్టెంబరు 9

పెద్దమ్మా,

మాస్టారికి నమస్కారాలు. మాస్టారూ, దయచేసి ఈ ఉత్తరం గొంతు తగ్గించకుండా చదవండి.

నా పని చెబుతాను విను. పొద్దున్నించి స్క్రీను మీద ఒప్పందాలు వస్తుంటాయి. ఒక్కోదాంట్లో ఎవరు దేనికి బాధ్యులో వెతికి పసుపు రంగు పూయాలి. రోజుకి నలభై. అవతల ఎవరు, ఇవతల ఎవరు, ఎందుకు కొట్టుకుంటున్నారు, ఏదీ మాకు తెలీదు. తీరం బ్రాంచిలో ఒకమ్మాయి ఉంది, మొహం ఎప్పుడూ చూడలేదు. సగం కాగితాలు నాకు, సగం ఆమెకి. ఆమె నాకంటే ఫాస్టు. ఆమె మొదటి జీతం లక్షా పది. "అక్కడ అద్దెలు తక్కువ కదా" అంటారు మావాళ్ళు. నిజమే అనుకో, నా జీతంలో సగం కిటికీ లేని గదికే పోతోంది. మిగతా సగంలో మూడోవంతు చదువు అప్పుకి. కానీ ఆ అమ్మాయి పూసే పసుపు నా పసుపు కంటే చవకెలా అయిందో నాకు అర్థం కాలేదు. అడిగితే పట్టిక చూపించారు. ఇక్కడ ఏది అడిగినా పట్టికే చూపిస్తారు.

ఒక సాయం కావాలి. దారి హక్కుల మీద పాత తీర్పు, నీ బీరువాలోని తీర్పుల సెట్టులో నలభై ఒకటో వాల్యూమ్‌లో ఉంది. తీర్పు ఇక్కడ కంప్యూటర్లోనే దొరుకుతుంది, నాకు కావల్సింది దాని మార్జిన్లో నీ పెన్సిల్ రాత. ఆ పేజీ జిరాక్స్ తీయించి పంపు. మా పైఆఫీసరు ఆ పాయింటు మీద తికమక పడుతున్నాడు, నువ్వెప్పుడో దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు.

పిట్ట


సెప్టెంబరు 20

పిట్టకి,

పేజీ జతపరిచాను. మార్జిన్లో ఉన్నది "జడ్జిగారు ఆ దారిన ఎప్పుడూ నడవలేదు" అని. మీ పైఆఫీసరుకి అది ఉపయోగపడుతుందని నేను అనుకోను.

ఆ వాల్యూమ్ లోపలి అట్ట మీద నువ్వు ఆరేళ్ళప్పుడు వేసిన బొమ్మ ఉంది. మాస్టారు జిరాక్స్ తీయించడానికి తీసుకెళ్తూ "ఇది కాకా అమ్మా?" అన్నాడు. కాకి కాదు, నల్లకోటు వేసుకున్న నేను అని చెప్పాను. మళ్ళీ చూసి "అవునండీ, ముక్కు మీదే" అన్నాడు. నెమ్మదస్థుడనుకున్నాను, నోరు కూడా ఉంది.

ఈ వాల్యూములు నూట పన్నెండూ నా తర్వాత నీవే. ఈ మాట ఇదివరకు నోటితో చెప్పాను, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

వచ్చే నెల ఎడమకంటికి ఆపరేషన్. మీ అమ్మ వస్తుంది. నువ్వు సెలవు పెట్టి పరిగెత్తుకు రానక్కర్లేదు.

ఇంకోటి. సంఘం వాళ్ళకి కార్డు రాశాను, మా జిల్లాల్లో కూడా ఆఫీసులున్నాయని. ఫారం పంపారు. భూతద్దం పెట్టుకుని నేనే నింపి నేనే పోస్టు చేశాను. మాస్టారి చేతికి ఇవ్వలేదు. ఇక మన గడిలో గీత ఉండదు.

పెద్దమ్మ


ఫిబ్రవరి 3

పెద్దమ్మా,

కొత్త పట్టిక వచ్చింది. ఐదుగురి లోపు ఆఫీసులు, లోపలి జిల్లాలు, మొదటి జీతం: ముప్పై వేలు. కింద చిన్న అక్షరాల్లో "జవాబిచ్చిన ఆఫీసు ఒక్కటే. ఫోనులో వివరాలివ్వడానికి నిరాకరించారు."

ఇంకెవరని అనుకోమంటావు?

రాజధానిలో చిన్న ఆఫీసులకి కూడా ఇరవై ఏడే ఉంది. నువ్వు వాళ్ళని దాటేశావు. ఇక్కడ అందరూ దాన్ని చూసి ముచ్చటపడుతున్నారు, ఏ మారుమూలో ఎవరో పెద్దమనిషి జూనియర్లని బాగా చూసుకుంటున్నారని. నేను గుడ్లప్పగించి కూర్చున్నాను.

నీ చెల్లెలి కూతుర్ని. పద్నాలుగు నెలలు నీ ఫైళ్ళు మోశాను. నీ కన్ను సరిగ్గా లేదని కోర్టు మెట్ల మీద చెయ్యి పట్టుకుని నడిపించాను. తొమ్మిది వేలు. ముప్పై అడిగితే నవ్వావు, మీ సీనియరు పైసా ఇవ్వలేదని చెప్పావు. నేను వెళ్ళిపోయిన నెలకి వచ్చిన బయటి మనిషికి అదే ముప్పై, ఒక్క వెయ్యి అటూ ఇటూ కాకుండా ఇస్తున్నావు. ఆయన మీద నాకు కోపం లేదు. మగవాడు, సంసారి, అడక్కుండానే ఇవ్వాలనిపించి ఉంటుంది. ఇంట్లో పిల్లకైతే తిండీ, ఆశీర్వాదమూ చాలు కాబోలు.

నాకు కడుపు మండిపోతోంది పెద్దమ్మా. దీన్ని మెత్తగా రాయడం నాకు చేతకాదు.

పేరాల వారీగా జవాబు ఇస్తావో, మానేస్తావో నీ ఇష్టం.

మీ అమ్మాయి కాని అమ్మాయి


ఫిబ్రవరి 18

పిట్టకి,

నీ 3వ తేదీ ఉత్తరం ఎప్పటిలాగే మాస్టారు చదవగా విన్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

ఆఫీసు జీతాలు ఆఫీసు సంగతి. పేరాల వారీగా జవాబు లేదు.

ఆపరేషన్ అయిన కన్ను వెలుతురు చూస్తోంది, అక్షరాలు చూడటం లేదు. డాక్టరు ఇంకా టైము పడుతుందంటాడు. నాలాగే వాయిదాలు అడుగుతాడు.

పెద్దమ్మ


ఏప్రిల్ 11

పెద్దమ్మగారికి,

అరవై మూడో వాల్యూమ్, పేజీ నాలుగువందల పన్నెండు జిరాక్స్ కావాలి. మార్జిన్‌తో సహా. అవసరం కాబట్టే అడుగుతున్నాను. జిరాక్స్ ఖర్చు, పోస్టు ఖర్చు పంపుతున్నాను.

పిట్ట


ఏప్రిల్ 25

పిట్టకి,

నువ్వు పంపిన డబ్బు తిప్పి పంపుతున్నాను. మళ్ళీ ఇలాంటి పని చెయ్యకు.

అరవై మూడో వాల్యూమ్ బైండింగుకి ఇచ్చాను. మార్జిన్లో ఏముందో నాకు కంఠతా వచ్చు: "కొడుకు సంతకం, తండ్రి వేలిముద్ర. ఎవరు ఎవర్ని మోసం చేశారో జడ్జిగారు చెప్పలేదు." అది చాలనుకుంటాను.

"గారు" ఎప్పుడు వచ్చింది?

పెద్దమ్మ


జూలై 6

పెద్దమ్మా,

జూన్‌లో పంతొమ్మిదో వాల్యూమ్ అడిగితే చెదలు పట్టిందని కార్డు ముక్క పంపావు. మొన్న ఎనభయ్యోది అడిగితే ఎవరో తీసుకెళ్ళారన్నావు. నువ్వు ఎవరికైనా పుస్తకం ఇచ్చే మనిషివా? నాకే చేతులు కడుక్కుని ముట్టుకోమనేదానివి. సరే, అర్థమైంది. "నీవే" అని కాగితం మీద పెట్టిన వాల్యూములకి కూడా ఇప్పుడు వేరే వారసుడు ఉన్నాడు. ఆ మాట సూటిగా చెబితే నేను అడగటం మానేస్తాను.

ఇక్కడ మా బృందంలో సగంమందిని తీరం బ్రాంచికి మారుస్తున్నారు. వెళ్ళేవాళ్ళకి జీతం అక్కడి పట్టిక ప్రకారమే. నా పేరు కూడా ఉంది. అదే కుర్చీలాంటి కుర్చీ, అదే పసుపు రంగు, యాభై వేలు తక్కువ. ఎవరితో పోట్లాడను?

పిట్ట


ఆగస్టు 22

పెద్దమ్మా,

మా లైబ్రరీకి పాత పుస్తకాల వ్యాపారి జాబితా వస్తుంటుంది, ఎవరూ చూడరు. తీరానికి వెళ్ళేముందు లైబ్రరీలో పుస్తకాలు అప్పజెబుతుంటే నా చేతికి తగిలింది. అందులో ఒకటి ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను:

"తీర్పుల సంపుటాలు, పూర్తి సెట్టు, నూట పన్నెండు. బైండింగు బాగుంది. లోపాలు: మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు. నలభై ఒకటో సంపుటం లోపలి అట్ట మీద పిల్లల బొమ్మ, కాకి కావచ్చు."

లైబ్రరీలో నిలబడి ఏడ్చాను. లైబ్రేరియన్ నీళ్ళు తెచ్చిచ్చింది. ఆ సెట్టు అప్పటికే అమ్ముడుపోయిందట, ఏదో హోటల్లో గోడకి అలంకారం కోసం.

అమ్మకి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. మాస్టారికి ముందు ఇచ్చింది పద్నాలుగు వేలట. ఫిబ్రవరి తర్వాతే ముప్పై అయిందట. అప్పుడు లెక్క కుదిరింది. ఇప్పుడు నేను పేరాల వారీగా రాస్తున్నాను. నువ్వు పేరాల వారీగా జవాబివ్వాలి.

ఒకటి. ఫారంలో నువ్వు రాసింది అబద్ధం.

రెండు. నా ఫిబ్రవరి ఉత్తరం మాస్టారు పైకి చదివాడు కాబట్టే నువ్వు ఆయనకి ముప్పై ఇవ్వడం మొదలుపెట్టావు. ఉత్తరాలు ఆయనే చదువుతాడని నాకు తెలుసు. రాస్తున్నప్పుడూ తెలుసు. ఆ సంగతి నేను ఒప్పుకుంటున్నాను.

మూడు. ఆ ముప్పై కోసమే సెట్టు అమ్మేశావు.

నాలుగు. ఫారంలో ఆ అంకె ఎక్కడి నుంచో ఊడిపడలేదు. అది నేను అడిగిన అంకె.

ఐదు. జనవరిలో నీకు ఒక ఉత్తరం రాశాను, పోస్టు చెయ్యలేదు. పదిహేనిచ్చినా చాలు, తిరిగొస్తానని రాశాను. సంచిలో పెట్టుకుని వారం రోజులు తిరిగాను, ధైర్యం చాలక. ఆ వారంలోనే పట్టిక వచ్చింది. చింపేశాను. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. జీతం వద్దు. రానా?

పిట్ట


సెప్టెంబరు 8

పిట్టకి,

నీ 22వ తేదీ లేఖ నేనే చదువుకున్నాను. భూతద్దంతో రెండు రోజులు పట్టింది. చదివిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఏ పేరాకీ గొంతు తగ్గలేదు.

ఒకటో పేరా: ఒప్పుకుంటున్నాను. ముప్పై నాలుగేళ్ళలో కోర్టుకి అబద్ధం చెప్పలేదు. సంఘం వాళ్ళకి చెప్పాను.

రెండో పేరా: ఒప్పుకుంటున్నాను, కొద్ది సవరణతో. "అదే ముప్పై" అన్నచోట ఆయన ఆగాడు. గ్లాసు తీసి నీళ్ళు తాగాడు. మళ్ళీ అందుకుని చివరిదాకా చదివాడు, మడతపెట్టి ఫైల్లో పెట్టాడు. ఒక్క ముక్క అడగలేదు. అడిగి ఉంటే అది అబద్ధం మాస్టారూ అని చెప్పేదాన్నేమో. అడగలేదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పద్నాలుగు వేలకి నా ముందు కూర్చున్న మనిషి. నాకు మొహం చెల్లలేదు. ఒకటో తేదీన కవర్లో ముప్పై పెట్టి ఇచ్చాను. నీ తప్పేం లేదని అనను. ఉంది. నాది నీదానికంటే పెద్దది.

మూడో పేరా: ఒప్పుకుంటున్నాను. కంటి ఆపరేషన్‌కి బ్యాంకులోది పోయింది. చూపు రాలేదని తెలిసి కేసులిచ్చే పార్టీలూ తగ్గారు. సెట్టు ఉన్నా నేను చదవలేను కదా అని సర్దిచెప్పుకున్నాను. నీ బొమ్మ ఉన్న అట్ట కోసి ఉంచుకుందామనుకున్నాను. కోస్తే సెట్టు ధర తగ్గుతుందన్నాడు వ్యాపారి. కోయలేదు.

మాస్టారు జూన్‌లో వెళ్ళిపోయాడు. పక్క పట్నంలో నలభై మంది ఉన్న ఆఫీసు. ఇప్పుడెంత వస్తోందని అడిగారట, ముప్పై అన్నాడు. నిజమే కదా. ముప్పై ఐదుకి తీసుకున్నారు. వెళ్ళేరోజు ఖాళీ బీరువాల వైపు చూసి "అమ్మా, నేను అడగలేదు కదా" అన్నాడు. అవును మాస్టారూ, అడగలేదు అన్నాను. నా అబద్ధం వల్ల ఒక్కడైనా బాగుపడ్డాడు.

నాలుగో పేరా. ఆ గడి ముందు అరగంట కూర్చున్నాను. మాస్టారి పద్నాలుగు రాయొచ్చు. కానీ అక్కడ "కొత్తగా చేరిన జూనియరుకి మీరిచ్చే మొదటి జీతం" అని ఉంది. నాకు గుర్తొచ్చింది నువ్వే. నీకు ఎంత ఇచ్చి ఉండాల్సిందో అది రాశాను. ఎవరూ చూడరనుకున్నాను, అచ్చులో వస్తే నువ్వొక్కదానివి చూసి నవ్వుకుంటావనుకున్నాను. ఇంకో మాట, దీన్ని నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. నువ్వు ముప్పై అడిగిన రోజు నా దగ్గర ఉంది. ఇవ్వలేక కాదు. నాకెవరూ ఇవ్వలేదన్న ఉక్రోషంతో నవ్వాను. నాలుగో పేరా పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

ఐదో పేరా: కాలదోషం పట్టింది తల్లీ. హక్కు లేదని కాదు, వేళ దాటిపోయింది. కోటు పెట్టెలో పెట్టేశాను. ఉన్న ఆరు ఫైళ్ళూ పార్టీలకి తిరిగిచ్చేశాను. పై రెండు గదులూ రంగుల షాపాయనకి అప్పగించాను, ఆయన డబ్బాలు పెట్టుకున్నాడు. నేర్పడానికి పుస్తకం లేదు, చూపించడానికి కన్ను లేదు. జనవరి ఉత్తరం జనవరిలోనే వచ్చి ఉంటే మెట్లు దిగి ఎదురొచ్చేదాన్ని, కన్ను కనపడకపోయినా. తీరానికి వెళ్ళు. ఆ అమ్మాయి మొహం ఒకసారి చూడు, నీకంటే ఫాస్టుగా పసుపు పూసే అమ్మాయి. ఆమెకి ఎంతిస్తున్నారో అడుగు, నీకు ఎంతో చెప్పు. పట్టిక చూపించినా ఊరుకోకు, ఇద్దరూ కలిసి అడగండి.

సంఘం వాళ్ళ ఫారం ఈ ఏడూ వచ్చింది. జూనియర్లు ఎంతమంది అన్నచోట సున్నా పెట్టాను. జీతం దగ్గర ఏమీ రాయలేదు. ఫిబ్రవరిలో పుస్తకం వస్తుందిగా, చూసుకో. మన గడిలో మళ్ళీ గీతే ఉంటుంది.

పెద్దమ్మ